మాస్టారికి మళ్ళీ అర్థం కాలేదు

శ్రీరామచంద్రమూర్తి మాస్టారికి ఏదీ ఒక్కసారికి అర్థమయ్యేది కాదు. పామర్రులో ప్రభుత్వ నిధులతో నడిచే పెద్దల తరగతిలో, ఫోనులో కరెంటు బిల్లు కట్టడం గురించి క్రిస్టినా ఎంత విడమరిచి చెప్పినా, ముందు వరసలో ఆయన చెయ్యి లేచేది.

"అర్థం కాలేదండీ. ఇంకొక్కసారి చెప్పండి."

తరగతంతా గొల్లున నవ్వేది. రిటైరైన లెక్కల మాస్టారాయె! "ఈ పచ్చ బటన్ ఎందుకండీ?" అని నిన్న అడిగిందే ఇవాళా అడిగేవారు. క్రిస్టినాకు ఒళ్ళు మండేది. అయినా మళ్ళీ మొదటి నుంచి చెప్పేది.

ఇంతలో విజయవాడ నుంచి అధికారి వచ్చారు. "నెలాఖరు పరీక్షలో సగం మందైనా పాసవ్వకపోతే వచ్చే ఏడాదికి నిధులు రావమ్మా. తరగతి మూసెయ్యడమే" అని తేల్చేశారు. పాఠాలు చూస్తే సగం కూడా కాలేదు. ఆ సాయంత్రం క్రిస్టినా మనసు రాయి చేసుకుంది.

"ఏమనుకోకండి మాస్టారూ. పరీక్షయ్యేదాకా మీరు రావద్దు."

ఎందుకని కూడా ఆయన అడగలేదు. గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

మర్నాటి నుంచి పాఠాలు పరుగెత్తాయి. "అర్థమైందా?" అంటే అందరూ తలలూపారు. వారం తిరిగాక "ఏదీ, కట్టి చూపించండి" అంటే ఒక్కరి వేలూ కదల్లేదు. నాట్లకు వెళ్ళొచ్చి వెనక వరసలో కూర్చునే తెరేసమ్మ ఫోనైతే అసలు వెలగనే లేదు. మాస్టారున్నప్పుడు ఇలా లేదని క్రిస్టినాకు తట్టింది.

తిన్నగా మాస్టారింటికి వెళ్ళింది. ఆయన వరండాలో కూర్చుని, పక్కింటావిడకు ఫోనులో రైలు టికెట్టు చకచకా తీసిపెడుతున్నారు.

"మీకన్నీ వచ్చు! మరి రోజూ ఎందుకడిగారండీ?"

మాస్టారు దొరికిపోయినట్టు నవ్వారు. "తెరేసమ్మ గారు తెలియకపోయినా తలూపేస్తారమ్మా. అడిగితే నవ్వుతారని భయం. నన్ను చూసి నవ్వితే నాకేం పోయింది?"

క్రిస్టినా సిగ్గుతో కుంచించుకుపోయింది. "రేపు తప్పకుండా రండి మాస్టారూ" అంది.

ఆయన వచ్చారు. పాఠం కాగానే అలవాటుగా చెయ్యి ఎత్తబోయారు. అంతలో వెనక నుంచి తెరేసమ్మ లేచి నిలబడింది.

"మేడం, మాస్టారు రాని వారమంతా నాకు ఒక్క ముక్కా ఎక్కలేదు. ఈసారి నేనే అడుగుతున్నా. ఇంకోసారి చెప్పండి."

ఎవరూ నవ్వలేదు. ఆమె వెనకే ఇంకో రెండు చేతులు లేచాయి.

పరీక్షలో సగం కంటే ఎక్కువ మందే గట్టెక్కారు. నిధులు వచ్చాయి. కొత్త ఏడాది మొదటిరోజు అన్నీ బెరుకు బెరుకు మొహాలే. ముందు వరసలో మాత్రం గొడుగుతో మాస్టారు.

"మీరు పాసయ్యారు కదండీ!" అంది క్రిస్టినా.

"మర్చిపోయానండీ. ఇంతకీ ఈ పచ్చ బటన్ ఎందుకు?"