ఘానాకు ముప్ఫై ఒక్క యాప్‌లు

ఆ రోజుల్లో నాకు మనుషుల మీదకంటే ఫోన్ మీద నమ్మకం ఎక్కువ. (ఇప్పుడు తగ్గిందంటే మా ఆవిడ ఒప్పుకోదు.) పదేళ్ల కిందటి మాట. సిడ్నీలో తాత్కాలిక వీసా మీద ఉద్యోగం, పెండిల్ హిల్‌లో ఇద్దరం పంచుకున్న గది. మా చిన్న కంపెనీ ఘానాలో ఒక బంగారు గని స్టోర్సుకు సాఫ్ట్‌వేర్ రాసింది. దాన్ని అక్కడి స్టోర్సు పెద్దాయనకు చూపించి, బాగుందని సంతకం పెట్టించుకు రమ్మని నన్ను పంపారు. "ఆ సైన్ తీసుకురా మేట్, నీ పీఆర్ సంగతి నేను చూస్తా" అన్నాడు మేనేజర్. అంటే నేను ఆస్ట్రేలియాలో శాశ్వతంగా ఉండటమా, పెట్టె సర్దుకోవడమా అన్నది ఆ పెద్దాయన చేతిలో ఉందన్నమాట.

నేను ఊరుకుంటానా? పశ్చిమ ఆఫ్రికా వెళ్లేవాళ్లకు ఏ యాప్‌లు పనికొస్తాయో వారం రోజులు వెతికి ముప్ఫై ఒకటి దించాను. నెట్ లేకపోయినా దారి చూపేది, టాక్సీ పిలిచేది, మలేరియా మాత్ర వేళకు గంట కొట్టేది, అక్కడి ట్వి భాషలో పలకరింపులు పలికేది (అక్కడివాళ్లు నాకంటే మంచి ఇంగ్లీషు మాట్లాడతారని ఏ యాపూ చెప్పలేదు), కూర ఫొటో తీస్తే అందులో చేప ఉందో లేదో చెప్తానని బుకాయించేది. అన్నిటికీ మించి, ఘానా మర్యాదలు నేర్పేది. దాన్ని మాత్రం డబ్బు పెట్టి కొన్నాను. మా వరంగల్ రూమ్మేట్ అన్నీ చూసి, "ఇన్ని వేసుకున్నంక ఇగ నువ్వు పోవుడెందుకురా, ఫోన్‌నే పంపరాదు?" అన్నాడు. అసూయ అనుకున్నాను.

పెద్దాయన నన్ను ఇంటికే రమ్మన్నారు. అందరూ ఆయన్ను నానా అంటారు, అక్కడ పెద్దలను అలా గౌరవిస్తారట. గనివాళ్ల డ్రైవరు నన్ను వరండాలోకి తీసుకెళ్లాడు. నా కుడిచేతిలో ఫోన్, ఫోన్‌లో మర్యాదల యాప్. రాగానే మంచినీళ్లు ఇచ్చారు. ఎడమచేత్తో అందుకున్నాను. నానా ముఖం కొంచెం బిగిసింది. నీళ్లిచ్చాక అడగడం అక్కడి ఆనవాయితీ కాబట్టి, పనేమిటని అడిగారు. యాప్‌లో తర్వాతి పేజీ తిప్పుతూనే ఎడమచేత్తో కాగితాలు చాచాను. ఆయన చెయ్యి కదలలేదు.

"సార్, ఎడమచెయ్యి" అని గొణిగాడు డ్రైవరు.

"ఒక్క నిమిషం, చూసి చెప్తా" అన్నాను. చూశాను. మొదటి సూచనే అది. పెద్దలకు ఎడమచేత్తో ఏదీ ఇవ్వరాదు, పుచ్చుకోరాదు.

నా పీఆర్ కళ్లముందే విమానమెక్కి వెళ్లిపోయింది. నిజంగా ఏడుపొచ్చింది.

"మీ దేశంలో పెద్దలకు ఇలాగే ఇస్తారా?" అన్నారు నానా, ఇంగ్లీషులో, చాలా నెమ్మదిగా.

"లేదండీ. చిన్నప్పుడు ఇలా చాస్తే మా అమ్మ చేతిమీద ఒక్కటిచ్చేది."

ఆయన పగలబడి నవ్వారు. "అయితే మీ కంపెనీ ఆవిణ్ణే పంపాల్సింది. ఫోన్ జేబులో పెట్టు. గేటు దాకా వెళ్లి మళ్లీ రా."

వెళ్లాను. ఎర్రమట్టి వాకిట్లో డ్రైవరు, ఎదురింటివాళ్లు చూస్తుండగా, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా మళ్లీ నడిచొచ్చాను. నమస్కరించాను. కుడిచేత్తో నీళ్లు తాగాను, కుడిచేత్తో కాగితాలిచ్చాను. సాయంత్రం దాకా సాఫ్ట్‌వేర్ చూసి, సంతకం పెట్టారు.

మొన్నో ఆదివారం, ఇక్కడే సిడ్నీలో, మా ఆఫీసులో కొత్తగా చేరిన తెలుగబ్బాయి ఇంటికొచ్చాడు. వచ్చే వారం ఘానా వెళ్తున్నాడు. "అంకుల్, అక్కడ యూజ్ అయ్యే యాప్స్ ఏమన్నా చెప్పండి" అన్నాడు. ఈ కథంతా చెప్పి, ఫోన్ జేబులో ఉంచడమే అసలు మర్యాద అని అరగంట ఉపన్యాసమిచ్చాను. అయినా పనికొస్తాయని ఫోన్ తీసి పాత జాబితా పంపబోతుంటే, మా ఆవిడ సున్నుండల డబ్బా నా ముందు పెట్టింది, దారికిమ్మని. అందుకుని ఆ అబ్బాయికి ఇచ్చాను. వాడు తీసుకోకుండా ఇబ్బందిగా నవ్వాడు.

సోఫాలో బొమ్మలేసుకుంటున్న ఏడేళ్ల మా అమ్మాయి తలెత్తకుండానే, "డాడ్, లెఫ్ట్ హ్యాండ్" అంది.

ఆనాటి ముప్ఫై ఒక్క యాప్‌ల కుర్రాడు ఎక్కడికీ పోలేదు, పొట్ట పెంచుకుని ఇక్కడే ఉన్నాడు. వాడి మీద నాకు కోపం కూడా రాలేదు, జాలేసింది. ఫోన్ బల్లమీద పెట్టి, డబ్బా తీసుకుని, గేటు దాకా వెళ్లి మళ్లీ లోపలికొచ్చాను.