కోడెకు దొరికిన సెలవు

కాస్త దగ్గరగా కూర్చుని వినండి. ఒమన్‌లో, రుస్తాఖ్ దగ్గరి తోటలో పశువులు చూసుకుంటాను. ఇంటికి వెళ్లి మూడేళ్లయింది.

మొన్న ఎండాకాలంలో, ఇరవై ఆవులను చూలు కట్టించడానికి వదిలిన లేత కోడె చిక్కిపోయి నా కళ్లముందే కూలబడింది. "పనికిరాదు, రేపు కసాయికి అమ్మేస్తా" అన్నాడు మా అర్బాబ్, అదే, తోట యజమాని.

మనసాగక మా ఆవిడకు వీడియో కాల్‌లో చూపించాను.

"ఇంకా పాలపండ్లే ఊడలే, దానికి ఇరవై ఆవులా? పక్కకు కట్టి మంచిగ మేపు. తేరుకున్నంక ఐదారు ఆవులల్లనే తోలు" అని కసిరింది.

అర్బాబ్‌ను బతిమాలి అలాగే చేశాను. కోడె కోలుకుంది, ఆవులు చూలు కట్టాయి.

ఆ కబురు చెబితే ఆమె నవ్వింది. "కోడెకైతే సెలవిప్పిచ్చినవ్. నీకెవరిప్పిస్తరయ్యా?"



మీ ఇంటిల్లిపాదీ ఒక్కచోట కూర్చుని అన్నం తినాలని నా దీవెన.