టైంటేబుల్లో లేని దగ్గు

మాఘం వెళ్లేసరికి మా వీధిలోకి మిరప ఘాటు దిగుతుంది. దర్శి చుట్టుపక్కల కళ్లాల్లో కాయ ఆరబోస్తారు. ఎండ ఎక్కేకొద్దీ గాలి ఆ ఘాటును ఇళ్ల మీదికి తెస్తుంది. ముందు ముక్కుకు, తర్వాత గొంతుకు తగులుతుంది. నేను వంటింటి కిటికీకి తడిపిన పాత చీర కడతాను. ఇవాళ పొద్దున కూడా కట్టి, పెనం మీద దోసె వేసి, అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ముందుగదిలో మా ప్రణతి వాళ్ల నానమ్మకు పేపరు చదివి వినిపిస్తోంది. ఏ వార్త చదివిందో నాకు తెలియదు. వాక్యం మధ్యలో ఎక్కడైనా ఆగుతోందా అన్నదే నేను విన్నాను. ఎక్కడా ఆగలేదు. మాడిన వాసన వస్తే గానీ దోసె సంగతి గుర్తు రాలేదు.

ఇలా వినడం నాకు పుట్టుకతో రాలేదు. కరుణమ్మ టీచరు గారు నేర్పారు. మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేవారు. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ బళ్లలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. వాళ్ల అమ్మా నాన్నా మిరప కళ్లాల్లో కూలికి కాయ ఏరినవాళ్లు. ఆ మాట ఆవిడే అందరికీ చెప్పేవారు, అదీ కాస్త గర్వంగా. మా అత్తగారు మొదట్లో ఆవిడను వసారాలోనే కూర్చోబెట్టి మాట్లాడేవారు. ఆ ముచ్చట తర్వాత చెబుతాను.

ఏడేళ్ల కిందట ప్రణతి మూడో తరగతిలో ఉంది. పిల్లకు ఉబ్బసం. బస్సు దుమ్ము, మిరప ఘాటు, చలిగాలి, ఏదో ఒకటి చాలు, రాత్రికి పిల్లికూతలు మొదలయ్యేవి. నెలలో సగం రోజులు బడి లేదు. వెళ్లిన రోజున పోయిన పాఠాలన్నీ రాసుకు రమ్మనేవారు, ఆ బెంగతో మళ్లీ ఆయాసం. ఒంగోలు డాక్టరు గారు ఇన్హేలర్ వాడకం మార్చి, ఒకటి రెండేళ్లు దుమ్ముకు దూరంగా ఉంచితే కుదుటపడుతుందన్నారు. మా ఆయన లైన్‌మన్. పొద్దున స్తంభం ఎక్కితే ఎప్పుడు దిగుతారో తెలియదు. అత్తగారికి షుగరు, బీపీ. ఇంట్లో ఉండేదాన్ని నేనే కాబట్టి బడి మాన్పించి నేనే పాఠాలు చెబుతానన్నాను. డిగ్రీ చదివాను, మూడో తరగతి చెప్పలేనా అనుకున్నాను. చుట్టాలు మాత్రం వదల్లేదు. ఇంట్లో కూర్చోబెట్టి పిల్లను మొద్దును చేస్తున్నావన్నారు. పైకి గట్టిగానే సమాధానం చెప్పేదాన్ని గానీ లోపల నాకూ అదే భయం. తోటి పిల్లలు ముందుకు వెళ్లిపోతారు, ఇది నావల్ల వెనకబడిపోతుంది. నాకు నిద్ర పట్టనివ్వనిది అదొక్కటే.

భయం ఉన్నవాళ్లు ఏం చేస్తారో నేనూ అదే చేశాను. పుస్తకాలు పోగేశాను. రాష్ట్రం సిలబస్ ఒక దొంతర, సెంట్రల్ సిలబస్ ఇంకో దొంతర, ఇంటి చదువుల కోసమని బెంగళూరు నుంచి తెప్పించిన రంగురంగుల పెట్టె ఒకటి. ఆ పెట్టెలో పాఠంతో పాటు అమ్మలు ఏం మాట్లాడాలో కూడా రాసి ఉంది. ఫోన్లో ఇంట్లో చదివించే అమ్మల గ్రూపులో చేరాను. ఒకావిడ ఇది మంచిదంటే ఇంకొకావిడ అది చెత్త అనేది. రెండు వారాలు తలబద్దలు కొట్టుకుని, దేన్నీ వదలలేక మూడూ కలిపి అట్ట మీద ఒక టైంటేబుల్ గీసి వసారా గోడకు తగిలించాను. తెల్లారి అయిదింటికి మొదలు. ఇన్హేలర్, ఇంగ్లీషు, అత్తగారి షుగరు మాత్ర, లెక్కలు, అత్తగారి టిఫిను, సైన్సు. ఆకుపచ్చ పెన్నుతో మందులు, ఎర్ర పెన్నుతో పాఠాలు. గుంటూరు కార్పొరేట్ కాలేజీ వాళ్లు చూసి ఉంటే నాకు అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చేవారు.

కరివేపాకు కోసం వచ్చిన టీచరు గారు దాని ముందు నిలబడి పైనుంచి కింద దాకా చదివారు.

"అంతా బాగుందమ్మాయ్. ఇందులో దగ్గు ఎక్కడుంది?" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"పిల్లకు దగ్గొస్తుంది గదా. ఏ గంటకు రాసావా అని చూస్తన్నా."

వేళాకోళం చేస్తున్నారనుకుని నాకు ఒళ్లు మండింది. ఏ సిలబస్ మంచిదో చెప్పండి చాలు అన్నాను. ఆవిడ దొంతర్లన్నీ ముందు పెట్టుకుని కూర్చున్నారు. అట్టలు చూడలేదు, విషయసూచిక చూడలేదు. ప్రతి పుస్తకాన్నీ నడిమధ్య తెరిచి ప్రణతి చేత ఒక పేజీ పైకి చదివించారు. ఆవిడ కళ్లు మూసుకుని విన్నారు.

"మా అమ్మ కాయ చూడాలంటే పైన చూసేది కాదు. టిక్కీ బస్తాలో మోచెయ్యి దాకా పెట్టి లోపలి కాయ తీసేది. తాలుకాయ ఎంత ఉందో అప్పుడు గదా తెలిసేది," అన్నారు. "పిల్ల ఎట్టా చదువుతుందో పదిరోజులు ఇను. ఎక్కడ ఆగింది, ఎక్కడ ఊపిరి తీసింది, ఎక్కడ తర్వాతేంటని అడిగింది. ఆ పైన పుస్తకం కొనుక్కో."

పదిరోజులు వృథా చేయడం నావల్ల కాలేదు. ఆవిడ అటు వెళ్లగానే ఇటు పెట్టె విప్పాను.

మూడు వారాలు అనుకున్నట్టే జరిగింది. పిల్ల ఒక్క పేజీ వదల్లేదు, దగ్గు కూడా తగ్గింది. చుట్టాలకు ఫోన్లు చేసి మరీ చెప్పాను. ఒక మధ్యాహ్నం టీచరు గారు వచ్చి వసారాలో కూర్చుని ప్రణతి చేత కథ చదివించుకుంటున్నారు. నేను లోపల అత్తగారికి రొట్టె చేస్తున్నాను. ఉన్నట్టుండి కేక వేశారు.

"అమ్మాయ్, ఇట్టా రా. పిల్ల పొద్దుటి నుంచి ఆయాసపడతా ఉంది, చూడలేదా?"

"లేదండీ, బాగానే ఉందిగా. లెక్కలు కూడా చేసింది."

"చేసుంటది. నాలుగు మాటలకొకసారి ఆగతంది. భుజాలు చూడు ఎట్టా లేస్తన్నాయో."

పిల్ల చొక్కా పైకెత్తి చూస్తే పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. ఇన్హేలరుకు గొట్టం బిగించి మందు పట్టించాను. కాస్త తెరిపిన పడ్డాక టీచరు గారు, ఎందుకు చెప్పలేదే తల్లీ అని అడిగారు. ప్రణతి నా వైపు చూడకుండా చెప్పింది.

"ఆయాసం అంటే పేజీ మిగిలిపోద్ది. మిగిలితే అమ్మ వంటింట్లోకెళ్లి ఏడుస్తది."

పిల్ల దిండులో మొహం పెట్టి దగ్గుకునేదట, మూడు వారాలుగా. నా జీవితంలో అంత సిగ్గుపడిన రోజు లేదు. పిల్ల వెనకబడుతుందని భయపడ్డాను గానీ, నా భయాన్ని కూడా ఎనిమిదేళ్ల పిల్లే మోస్తోందని చూసుకోలేదు. లేచి గోడ మీది టైంటేబుల్ పీకి చించబోయాను. టీచరు గారు చెయ్యి పట్టుకున్నారు.

"చింపటమెందుకు, మంచి అట్ట. తిరగెయ్. ఎనక ఖాళీగా ఉందిగా."

వెనక ఆవిడే గుండ్రటి అక్షరాలతో రాశారు. పొద్దున లేవగానే పిల్ల ఒక పేజీ పైకి చదవాలి. వాక్యం చివరి దాకా ఊపిరి నిలిస్తే లెక్కలు, సైన్సు. మధ్యలో తెగితే ఆ రోజు అమ్మ చదువుతుంది, పిల్ల వింటుంది. అదీ కుదరకపోతే మందు, పడక. మిగిలిన పేజీకి బాకీ లేదు. అంతే.

ఈసారి పదిరోజులూ విన్నాను. తర్వాతేంటని పిల్ల అడిగింది రాష్ట్రం తెలుగు పుస్తకానికి, సెంట్రల్ లెక్కల పుస్తకానికి. ఆ రెండూ ఉంచాను. బెంగళూరు పెట్టె పుస్తకాలు గ్రూపులో ఒకావిడకు పంపేశాను. దానితో వచ్చిన రంగుల గళ్ల పళ్లెం మాత్రం మా అత్తగారి మాత్రల పెట్టె అయింది. పొద్దునకు పసుపు, మధ్యాహ్నానికి నీలం, రాత్రికి ఎరుపు. వారానికి ఎన్ని మాత్రలు, రెండు నెలలకు ఎన్ని పట్టీలు అని లెక్కేసి ప్రణతి ఎక్కాలు నేర్చుకుంది. మాత్ర మింగనని మొండికేసే మా అత్తగారు, లెక్క తప్పుతుందని మనవరాలు ఏడుపు మొహం పెడితే గుటుక్కున మింగేవారు. ఆ రోజుల్లోనే ఒకసారి టీచరు గారు ఎప్పటిలాగే వసారాలో కూర్చోబోతే, "కరుణమ్మా, ఘాటులో అక్కడ కూర్చుంటావేం, లోపలికి రా," అని అత్తగారే పిలిచారు. అప్పటి నుంచి ఇద్దరూ వంటింట్లో నా ఎదురుగానే నా వంటకు వంకలు పెట్టేవారు.

ఆయాసం కుదుటపడ్డాక, ఆరో తరగతికి ప్రణతిని మా ఊరి ప్రభుత్వ బడిలో చేర్చాం. హెడ్మాస్టరు గారు పాఠం చదవమంటే చదివింది, లెక్క ఇస్తే చేసింది. సరేనన్నారు. అన్ని ఏళ్లు నన్ను తిన్న భయం కాసేపట్లో తేలిపోయింది. బయట గేటు దగ్గర టీచరు గారు గొడుగేసుకుని నిలబడి ఉన్నారు. నేను ఆవిడను పట్టుకుని ఏడ్చాను. "ఇప్పుడు వంటింట్లోకి పోనక్కర్లా, ఇక్కడే ఏడువ్," అన్నారు.

ఆ మరుసటేడు ఆవిడ ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టి మమ్మల్నీ పిలిచారు. బైబిలు వాక్యం ఆవిడే చదివారు. ఎన్నేళ్లుగానో వింటున్న గొంతు. మూడు చోట్ల, ఆగకూడని చోట ఆగింది. మిగతావాళ్లు కళ్లు మూసుకుని ఉన్నారు. భోజనాలయ్యాక పక్కకు పిలిచి అడిగితే కళ్లజోడు మార్చాలమ్మాయ్ అన్నారు.

"కళ్లజోడు కాదండీ. మీ భుజాలు లేస్తున్నాయి," అన్నాను.

మర్నాడే మా ఆయన సెలవు పెట్టి ఆవిడను ఒంగోలు తీసుకెళ్లారు. గుండె సరిగా పనిచేయడం లేదని, వేళకే తెచ్చారని డాక్టరు అన్నారు. ఆసుపత్రి మంచం మీద పడుకుని ఆవిడ నా చెయ్యి తట్టి, "నా దగ్గర చదువుకున్నోళ్లలో నీకే కాస్త ఆలస్యంగా వచ్చింది. వచ్చింది గానీ బాగా వచ్చింది," అన్నారు. ఆ తర్వాత మూడేళ్లు మందులు వేసుకుంటూ, మా వంటింట్లో వంకలు పెడుతూ హాయిగానే ఉన్నారు. పోయిన వానాకాలం కొత్తపట్నంలో చెల్లెలి ఇంట నిద్రలోనే పోయారు. నాకు ఆవిడ లేని లోటు రోజూ తెలుస్తుంది. అయినా ఆవిడను తలుచుకుంటే ముందు నవ్వే వస్తుంది.

మాడిన దోసె తీసి పక్కన పడేసి ముందుగదిలోకి వెళ్లాను. నాకు రెండు రోజులుగా జలుబు, గొంతు పట్టేసి ఉంది. ఎవరికీ చెప్పలేదు. ప్రణతి పేపరు నా చేతిలో పెట్టింది.

"ఈ ముక్క నువ్వు చదువమ్మా. నాకు అర్థం కాలేదు."

పదో తరగతి పిల్లకు అర్థం కానిది అందులో ఏముందా అనుకుంటూ చదవడం మొదలుపెట్టాను. రెండు వాక్యాలయ్యాక తలెత్తితే అది పేపరు వైపు చూడటం లేదు. కళ్లు మూసుకుని కూర్చుంది.

"మధ్యలో ఆగావు. ఇవాళ వంట నేను చేస్తాలే, పడుకో," అంది.