షాఫ్టు చక్రం మేజోళ్లు

ఛాంపియన్ రీఫ్ బంగారు గని కూలీల ఇళ్ల లైన్లలో జగదీష్ అల్లే మేజోళ్ల గొప్ప జగదీష్ నోటే వినాలి. గౌనిపల్లి ఆవులప్ప అవి తొడుక్కుని మంచుకొండల యాత్రకు పోతే, పాదాల కింద మంచు కరిగిపోయి వెనక వచ్చే భక్తులు ఈత కొట్టుకుంటూ వచ్చారట. ఆవులప్పను అడిగితే తాను కోలారు దాటి ఎక్కడికీ పోలేదంటాడు. "అది వాని వినయం" అంటాడు జగదీష్.

పదో తరగతి సగంలో బడికి దండం పెట్టేసిన జగదీష్, ఎవరో వదిలించుకున్న అల్లిక మిషన్ తెచ్చి ముందుగదిలో బిగించుకున్నాడు. బల్లంత పొడుగు, వరసగా సూదులు. చిల్లులు కొట్టిన అట్ట దూర్చి, పైన జారే పిడి, క్యారేజీని అటూ ఇటూ లాగితే రెండు రంగుల ఊలు బొమ్మలై దిగుతుంది. బొమ్మ మాత్రం ఎప్పుడూ అవతలికే తిరిగి ఉంటుంది. అల్లేవాడికి కనిపించేది వెనక వేలాడే దారాలే.

జగదీష్ భార్య నాగరత్న. ఆమె అన్న మోహన్‌కుమార్‌కు బావమరిది కంటే ఈ మిషన్ మీదే ఎక్కువ కోపం. చీకటితో బెంగళూరు రైలెక్కి ఫ్యాక్టరీకి పోయే మనిషి ఆయన.

"మా సూపర్‌వైజరుకు చెప్పినాను. సోమవారం నాతో రైలెక్కు. ఆ మిషన్ ఎవరికన్నా ఇచ్చేయ్."

"ఆదివారం మన హాకీ టీం మొత్తం నా సాక్సులే తొడిగి దిగుతాది బావా. తొడగలేదంటే సోమవారం నీకంటే ముందు స్టేషన్లో నేనుంటా. మిషన్ నువ్వే అమ్మేయ్."

"మాటేనా?"

"మాటే!"

"ఇంగ ముగిసింది. ఈయన నోరు రైలు కంటే ముందు పోతాది" అంది నాగరత్న లోపలి నుంచి.

మోకాలి దాకా వచ్చే నల్ల మేజోళ్లు. పై పట్టీలో పసుపు ఊలుతో షాఫ్టు బొమ్మ: ఒకప్పుడు మనుషుల బోనును గనిలోకి దించిన ఇనుప గోపురం, దాని నెత్తిన చక్రం. శనివారం పొద్దున కెప్టెన్ సోమశేఖర్ వచ్చి ఒకటి తొడిగాడు. కాలు తిప్పి తిప్పి చూసుకున్నాడు. జగదీష్ మీసం మీద చెయ్యి వేశాడు. అంతలో సోమశేఖర్ వంగి, మేజోడు పై అంచును చటుక్కున బయటికి మడిచేశాడు.

చక్రం మాయం. మడత మీద పసుపు దారాలు బూజులా వేలాడాయి.

"ఏంరా చేసినావు?"

"మడిచినానన్నా. మడవకుండా మనోళ్లు యాడన్నా ఆడతారా?"

ఆ లైన్లలో అంతే. గనిలో దిగే తాతలు బూటులో రాళ్ల నూక పడకుండా మేజోళ్ల అంచును బూటు మీదికి మడుచుకునేవాళ్లు. గని మూతపడింది, బూట్లు పోయాయి, మడత మాత్రం మనవళ్ల కాళ్లకు మిగిలింది. చంటిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. ఊరందరికీ మేజోళ్లు అల్లే జగదీష్ మాత్రం పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి హవాయి చెప్పులు తప్ప మరొకటి తొడగలేదు.

"రేపొక్క దినం మడవకుండా ఆడండప్పా."

"మా తాత గ్రౌండులోకే వచ్చి కొడతాడన్నా. పాతవే వేసుకుంటాంలే" అంటూ మేజోడు విప్పి చేతికిచ్చి వెళ్లిపోయాడు.

నాగరత్న అటక మీది నుంచి టిఫిన్ క్యారియర్ దించి, "సోమవారానికి కావాల కదా, తోమి పెడతా" అంది.

"గమ్మునుండు మే!"

జగదీష్ మేజోడును మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. మడిస్తే లోపలిది బయటికి వస్తోంది. అయితే బొమ్మను లోపలికే అల్లాలి!

"కత్తెర ఇయ్యి."

"ఏంటికి?"

"మెడ కోయాల."

"ఎవురిది?"

"సాక్సుది."

పట్టీ కింద అల్లిక ఉచ్చుల్లో ఒక్క కన్ను కత్తిరించి దారం లాగాడు. బొమ్మ పట్టీ మొత్తం ఊడి చేతికొచ్చింది. నాగరత్న గుండె మీద చెయ్యి వేసుకుంది. నోళ్లు తెరుచుకున్న కన్నులను అతడు ఒక్కొక్కటే మళ్లీ సూదులకు తగిలించాడు. ఈసారి మేజోడు మంచి ముఖం తనవైపే ఉంచుకున్నాడు. అట్ట అదే: మడత దగ్గర ముందు చక్రం, తర్వాత అంచు వైపు గోపురం.

"చూస్తా నిలబడినావేమే? ఆ కొసనుంచి తగిలించు. ఒక్కటి జారితే మడమ దాకా పోతాది."

ఆమె తిట్టుకుంటూనే ఎదురుగా కూర్చుంది. జతలన్నీ అట్లా మార్చేదాకా ఆ పూట క్యారేజీ చప్పుడుకు వీధి కుక్కలు రైలొచ్చిందనుకుని స్టేషను దాకా పరిగెత్తాయని జగదీష్ ఇప్పటికీ చెబుతాడు.

ఆదివారం గ్రౌండులో సోమశేఖర్ అనుమానంగానే తొడిగాడు. అంచు మడిచాడు. మడత మీద చక్రం నిటారుగా లేచింది, దాని కింద గోపురం.

"రేయ్, పాతవి తీసేయండ్రా!" అని అరిచాడు.

ఆట మాత్రం ఎదురు టీం, టమాటా తోటలకు పేరుపడ్డ కోలారు వాళ్లే గెలిచారు. గెలిచిన కెప్టెన్ కప్పు చంకన పెట్టుకుని జగదీష్ దగ్గరికి వచ్చాడు. "అన్నా, మా సాక్సుల మీద టమాటాల బొమ్మలు వేస్తారా?"

"ఏస్తాను. ఎండలో ఎక్కువసేపు నిలబడొద్దండి. సాక్సులో రసం కాగితే నా పూచీ లేదు."

ఆట చూడవచ్చిన మోహన్‌కుమార్ నవ్వు ఆపుకోలేక, "సోమవారం నేనొక్కణ్ణే పోతాలేప్పా" అన్నాడు.

ఇంటికొచ్చాక నాగరత్న టిఫిన్ క్యారియర్‌ను అటకెక్కించి, మిగిలిన జత ఒకటి మొగుడి ఒళ్లోకి విసిరింది. "ముందు నువ్వు తొడుక్కో. మళ్లా మడత మరిచిపోతావు."

జగదీష్ దర్జాగా తొడిగి, అంచు మడిచి, చెప్పులో కాలు పెట్టాడు. మేజోడు అడ్డొచ్చి చెప్పు వారు వేళ్ల మధ్యకు దిగలేదు. నాగరత్న కొంగు నోట్లో కుక్కుకుంది.

"నవ్వు, నవ్వు! బొటనవేలికి వేరే గది కట్టే సాక్సు రేపే అల్లుతా, చూస్తా ఉండు" అంటూ అతను మిషన్ ముందు కూర్చున్నాడు.