కాటుక పెట్టుకున్న రివెట్లు

హైదరాబాదు శివార్లలోని ఒక షెడ్డులో నేను రెండు సీట్ల విమానం కట్టుకుంటున్నాను. రేకులన్నీ పాప్ రివెట్లతోనే బిగించాను. గన్ను పెట్టి లాగితే చాలు, వెనక ఇంకొకరు పట్టుకోనక్కర్లేదు. సుత్తితో కొట్టినవే నిలుస్తాయి, లాగినవి ఎన్నాళ్ళో ఉండవని తెలిసినవాళ్ళు ఒకటే పోరు. వచ్చే నెల నేను మొదటిసారి ఎగరాలి, ఆ తర్వాత పక్క సీట్లో నా భార్య సుజాత కూర్చోవాలి. మాకు సామాను తెచ్చే లారీ డ్రైవరు, తన బండికి ఆళ్లగడ్డలోని ఒక షెడ్డులో పాప్ రివెట్లతో కట్టిన అల్యూమినియం బాడీ ఏళ్ళు గడిచినా కదల్లేదన్నాడు. ఆ షెడ్డేదో చూసొద్దామని బయల్దేరాను.

బస్సు ఉదయం ఐదున్నరకు నంద్యాలలో దింపింది. బస్టాండు ఎదురుగా ఉగ్గాని బజ్జీ నలభై రూపాయలు. వడ్డించినామె నా సంచిలోంచి పొడుచుకొచ్చిన రేకు చూసి ఏందది అంది. విమానం తోకకు వేసే అతుకు అన్నాను. నమ్మినట్టే తలూపి ఇంకో బజ్జీ వేసింది. ఏడింటికి కడప బస్సెక్కితే ఆళ్లగడ్డ గంట ప్రయాణం. ఎడమవైపు కూర్చోండి, నల్లమల కొండలు కనబడతాయి.

షెడ్డు యజమాని మస్తానన్నకు అరవై దాటాయి. నేను తీసుకెళ్ళిన రేకు, బాగా కుదిరిందని గర్వంగా దాచుకున్న నమూనా. అటూ ఇటూ తిప్పి, బాగుందని తిరిగిచ్చేశాడు. తర్వాత రిపేరుకొచ్చిన ఒక లారీ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఒక వరుస రివెట్లు శుభ్రంగా ఉన్నాయి. పక్క వరుసలో ప్రతి తల చుట్టూ నల్లటి గీత. దాన్ని వీళ్ళు కాటుక అంటారు. బెజ్జం పెద్దదైనా, డ్రిల్లు చేశాక అంచున లేచిన గరుకు తీయకపోయినా రేకులు ఒకదానికొకటి అతుక్కోవు. రివెట్టు కదిలి రేకును రాస్తుంది, ఆ పొడే కాటుక. లాగిందా కొట్టిందా అన్నది తర్వాతి మాటట.

నా విమానం ఇంజిను నేల మీద నడిపి చూసినప్పుడల్లా తోక దగ్గర అలాంటి నలుపు కనిపించేది. నేను గుడ్డతో తుడిచేసేవాణ్ణి. ఆ మాటే చెప్పాను.

"తుడిచినాక మల్లా వచ్చిందా?"

"వచ్చింది. పొగ మసి అనుకున్నానన్నా."

"మసి అయితే రేకంతా ఉంటాది గదప్పా. రివెట్టు సుట్టూనే ఎందుకొస్తాది?"

ఆ రివెట్లు తీసేసి, అంచులు నున్నగా చేసి, ఒక సైజు పెద్దవి వేయమన్నాడు. సిగ్గు లేకుండా ఇంకో ప్రశ్న అడిగాను, ఎగిరే మొదటి నెల వరకైనా ఇలాగే ఆగుతాయా అని.

"పక్కన ఎవురు కూసుంటారు?"

"మా ఆవిడ."

"ఆయమ్మకు చెప్పినాక అడుగు నన్ను."

మధ్యాహ్నం బస్టాండు నుంచే సుజాతకు ఫోన్ చేసి అంతా చెప్పాను. ఎన్నిసార్లు తుడిచావని మాత్రమే అడిగింది. నాకు లెక్క గుర్తులేదు. ఏ రకం రివెట్టు మంచిదని ఏడాదిపాటు అందరినీ అడిగాను. నా రివెట్లు చెబుతున్నదాన్ని మాత్రం నా చేత్తోనే చెరిపేస్తూ వచ్చాను. ఎగరడం ఇప్పట్లో లేదు.

మీరూ అక్కడికి వెళ్ళేటట్టుంటే ఒక్క మాట. బాగా కుదిరిన ముక్క తీసుకెళ్ళకండి. అనుమానమున్నది తీసుకెళ్ళండి, తుడవకుండా.