నాన్న కొలతకు చేసిన చట్రం

మా అమ్మ నేల మీద కూర్చుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేవాలి. రెండువేల సంవత్సరం దాటిన ఆ కొత్తలో మా ఇంట్లో అందరి కోరికా అదొక్కటే. చెనిక్కాయ మూటలు దించుతూ బండి మీంచి జారిపడ్డాక ఆమె నడుము మొండికేసింది. "వడ్డించేదాన్ని కుర్చీలో కూసోబెట్టి మీరు వడ్డిస్తాండారే" అని కంచం ముందు కళ్ళనీళ్ళు పెట్టుకునేది.

నేనప్పుడు కుప్పంలో టీచరుని. మా వీధిలో ఒక మేడ మీద, బెంగుళూరు నుంచి వచ్చిన ఒకామె పిలాటిస్ అనే వ్యాయామం నేర్పేది. ఆమె గదిలో పొడుగాటి మంచంలాంటిది ఒకటుండేది. దానిమీద పడుకుని, పాదాలు అడ్డకడ్డీకి ఆనించి తోస్తే, స్ప్రింగులకు కట్టిన పలక చక్రాల మీద వెనక్కి జరుగుతుంది. అమ్మను నెల రోజులు నా దగ్గర పెట్టుకుని దానిమీద చేయించాను. నడుము కాస్త వదిలింది. ఈలోగా ఆవుల మీద బెంగ పెట్టుకుని, ఇంటికి పోతానని ఒకటే పోరు. సరే, పుంగనూరు పక్కన మా పల్లెలోనే అట్లాంటిదొకటి చేయిద్దామనుకున్నాం.

చట్రం దేంతో చేయించాలనే దగ్గర మా ముగ్గురివీ మూడు దారులు. నేర్పే ఆమె మాత్రం ఒకటే చెప్పింది. "నా దగ్గర రోజంతా ఎవరో ఒకరు తోస్తూనే ఉంటారు, కాబట్టి గట్టిదనం ముఖ్యం. ఇంట్లో అమ్మ ఒక్కరే కదా. చప్పుడు లేకుండా, ఒంటికి హాయిగా ఉంటేనే రోజూ చేయాలనిపిస్తుంది."

నాకు అల్యూమినియం మీద మోజు. మదనపల్లెలో కిటికీలు చేసే అంగడికి పోయి బొమ్మ గీసి చూపించాను. ఆయన నాలుగు బద్దలకు స్క్రూలు బిగించి నిలబెట్టాడు. చెయ్యేసి తోస్తే అది ఇటూ అటూ ఊగింది. ఆయన మీద అరిచి వచ్చేశాను. నిజానికి తప్పు ఆయనది కాదు. ఆ సన్న బద్దలు అద్దాన్ని మోయడానికే గానీ మనిషిని మోయడానికి కాదు.

నాన్న ఇనుప పైపులన్నాడు. "మన దొడ్డి గేటు సూడు, ఇన్నేండ్లుగా అట్లే ఉండాది."

అమ్మ ముఖం తిప్పుకుంది. "ఆస్పత్రి మంచం ఇంట్లోకి తేవద్దండి. సలికాలం పొద్దన్నే దాన్నెవురు ముట్టుకుంటారు? కొయ్యదైతే సాలు." మా వైపు చలి తెలిసినవాళ్ళెవరూ ఆ మాట కాదనలేరు.

చివరికి చెక్కే ఖాయమైంది. ద్వారబంధాలకని కోయించిన వేప దుంగలు కొట్టంలో రెండేళ్ళుగా పడి ఉన్నాయి. పుంగనూరు వడ్రంగి గోటితో గీకి, తట్టి చూసి, "పచ్చిదైతే తిరుక్కుంటాదమ్మా. ఇది బాగా ఎండిండాది" అన్నాడు. స్ప్రింగులూ చక్రాలూ అప్పగించి, నేను నిశ్చింతగా కుప్పం బస్సెక్కాను.

పని అయిపోయిందని కబురొస్తే వెళ్ళాను. చట్రం నున్నగా, ముచ్చటగా ఉంది. అమ్మ పడుకుని మోకాళ్ళు మడిచింది. పాదాలు ఆనించబోతే అడ్డకర్ర జానెడు దూరంలో ఉండిపోయింది.

"ఎవరి కొలత తీసుకున్నారు?" అని గొంతు పెంచాను.

నాన్న తల వంచుకున్నాడు. వడ్రంగి అమ్మను పడుకోమని తాడు తీశాడట. "పండబెట్టి తాడుతో కొలిచేది పీనుగునే" అని అమ్మ వణికిపోయిందట. అప్పుడు నాన్న తానే చాప మీద పడుకుని "నన్ను కొలుచుకోప్పా" అన్నాడట. ఆయన అమ్మకంటే బాగా పొడుగు.

"ఆ కొలత కీడేందో నాకే తగలనీలే అనుకుంటి" అన్నాడు మెల్లగా.

వడ్రంగి ఏదో పని మీద బెంగుళూరు పోయాడు, నెలకు గానీ రాడు. నాన్న చట్రం చివర పీటేసుకుని, మోచేతులు అడ్డకర్ర మీద ఆనించి, అరచేతులు ముందుకు చాపాడు. "ఈడ తొయ్యి."

అమ్మ చటుక్కున కాళ్ళు ముడుచుకుంది. "మొగుని చేతులు కాళ్ళతో తన్నేదా? పాపం సుట్టుకోదా నాకు?"

"నడుం బాగైనాక పాపం సంగతి సూస్తాం. తొయ్యి."

వీళ్ళ పాపపుణ్యాలతో వేగలేక నేను విసుక్కున్నాను. అమ్మ కళ్ళు మూసుకుని తోసింది. పలక సడి లేకుండా వెనక్కి జరిగింది.

ఆ నెలంతా అదే వరస. నాన్న పొద్దున్నే పాలు పితికి వచ్చి పీట మీద కూర్చునేవాడు. తోసిన ప్రతిసారీ అమ్మ రెండు చేతులూ కళ్ళకద్దుకునేది. ఆ పుణ్యాన చేతులకూ వ్యాయామం దొరికింది. సెలవు రోజున వచ్చినప్పుడల్లా నేను గడప దగ్గర నిలబడి చూసేదాన్ని. వాళ్ళిద్దరూ ఒకరినొకరు అంతసేపు చూసుకోవడం నేనెప్పుడూ ఎరగను. నాకు చాలా ఇష్టంగా ఉండేది.

వడ్రంగి వచ్చి అడ్డకర్ర ముందుకు జరిపిపోయిన రోజు నాన్న పీట తీసి పక్కన పెట్టాడు. అమ్మ ఆయన ఎదురుగా వచ్చి, మెల్లగా మోకాళ్ళు వంచి, నేల మీద కూర్చుని, ఆయన పాదాలు ముట్టుకుంది. నాకు ఒళ్ళు మండింది. ఆ కాళ్ళు పట్టుకునేదేమిటని అనబోయి, ఆమె కూర్చున్నది నేల మీదని అప్పుడు గమనించాను.

నాన్న గాభరాగా వంగి రెండు చేతులూ అందించాడు.

"ఉండు, ముట్టుకోవద్దు" అంది అమ్మ.

ఒక మోకాలు ఎత్తింది. పళ్ళు బిగించింది. లేచి నిలబడింది. నాన్న చేతులు మాత్రం అట్లే చాపి ఉన్నాయి.