చిన్నదొర

మొయినాబాద్‌లో పాత కంప్యూటర్లు బాగుచేసే ఒకాయన ఉండేవాడు. మనిషినే కాదు, వస్తువును కూడా తక్కువ చేసేవాడు కాదు. ఆ మర్యాదే ఒకసారి నా కొంప ముంచబోయింది.

దొరతనాన్ని తిడుతూ నేను పదేళ్లు రాసిన వ్యాసాలన్నీ ఒక పాత హార్డ్ డిస్కులో ఉన్నాయి. మరో ప్రతి లేదు. చేవెళ్ల నుంచి షేర్ ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చి ఆయనకిచ్చాను. తన కంప్యూటర్లో, అందులో ఉన్న డిస్కుతో పాటు ఒకే కేబుల్‌కు తగిలించాడు. తెర మీద రెండు డిస్కుల్లో ఒక్కటీ కనిపించలేదు.

"మీ డిస్కు పోయింది సార్. దాని టైం బాగలేదు," అన్నాడు.

నేనే కంప్యూటర్లోకి వంగి చూశాను. ఆ కేబుల్ మీద ఒక డిస్కు మాస్టర్, రెండోది స్లేవ్ కావాలి. జంపర్ అనే చిన్న ప్లాస్టిక్ ముక్కను జరిపితే చాలు. ఈయన రెండింటినీ మాస్టర్ చేసి కూర్చున్నాడు.

"స్లేవ్ అంటే బానిస కద సార్. మీ అసుంటి పెద్దమనిషి డిస్కును బానిసను ఎట్ల చేస్త?"

"అయితే నీ డిస్కును చెయ్యి."

"అది మా బాపు కొనిచ్చింది సార్."

జంపర్ నేనే మార్చాను. వ్యాసాలన్నీ వచ్చాయి. ఆయన మొహం మాత్రం నా డిస్కుకు జరిగిన అవమానంతో వాడిపోయింది.

నెల తర్వాత వెళితే, ప్రతి డిస్కు మీదా తెల్లకాగితం అంటించి ఉంది. మాస్టర్ మీద 'పెద్దదొర', స్లేవ్ మీద 'చిన్నదొర'.

"ఇగ ఫికర్ లేదు సార్," అన్నాడు సంతోషంగా.

నిజమే. దుకాణంలో బానిస అన్నవాడే లేడు. దొరలు మాత్రం ఇద్దరయ్యారు.